వాచీ గాజు మీది మొండి మరకలు: ఏది తుడిస్తే పోతుంది, ఏది పోదు

ప్రశ్న: రోజూ కట్టుకునే నా చేతి వాచీ గాజు మీద మూడు రకాల మరకలు ఉన్నాయి. అంచు పొడవునా ఉన్న తెల్లటి మచ్చలు నీళ్ళు తగిలితే మాయమై, ఆరగానే మళ్ళీ తేలుతున్నాయి. మధ్యలో బూడిద రంగు గీత ఒకటి ఉంది. అది ఎప్పుడు పడిందో నాకు గుర్తులేదు. ఈమధ్య గదికి రంగు వేస్తుండగా పడిన రెండు చుక్కలు ఎండి అతుక్కుపోయాయి. సబ్బునీళ్ళతో ఎన్నిసార్లు తుడిచినా ఏదీ పోలేదు. టూత్‌పేస్టు పెట్టి రుద్దమని ఒకరు, నెయిల్ పాలిష్ రిమూవరుతో తుడవమని మరొకరు చెబుతున్నారు. గాజు ఏ రకానిదో నాకు తెలియదు. వెనక మూత మీద స్టెయిన్‌లెస్ స్టీల్ అనీ, 30 మీటర్ల వరకు నీటిని తట్టుకుంటుందనీ మాత్రమే రాసి ఉంది. ఇంట్లో శుభ్రం చేసుకోవచ్చా, గాజు మార్పించాల్సిందేనా?

సమాధానం: మీకు అందిన రెండు సలహాలనూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఒక రకం గాజుకు మేలు చేసే పదార్థం మరో రకం గాజును పనికిరాకుండా చేయగలదు కనుక, మీ గాజు ఏ రకానిదో తేలేవరకు ఆ రెండింటిలో దేనినీ వాచీ దగ్గరకు రానివ్వకపోవడమే మంచిది. మీరు వర్ణించిన తీరును బట్టి చూస్తే ఆ మూడు మరకలూ మూడు వేర్వేరు పదార్థాలు. వాటిలో రెండు ఇంట్లోనే, పెద్ద శ్రమ లేకుండా పోతాయి. మూడోది, అంటే ఆ బూడిద రంగు గీత, మీరు భయపడుతున్నంత ప్రమాదకరమైనది కాకపోవడానికి ఎక్కువ అవకాశం ఉంది. గాజు మార్పించడం గురించి ఆలోచించవలసిన సమయం ఇంకా రాలేదు.

వాచీ గాజు మీద కనిపించే ప్రతి గుర్తుకూ మూడే కారణాలు ఉంటాయి. గాజు పైకి బయటి పదార్థం ఏదో వచ్చి చేరి ఉండాలి, లేదా గాజులోంచి కొంత పదార్థం ఊడిపోయి గాడి పడి ఉండాలి, అదీ కాకపోతే గుర్తు గాజుకు లోపలి వైపున ఉండాలి. వచ్చి చేరినదాన్ని కరిగించి తుడిచివేయవచ్చు. ఊడిపోయినదాన్ని ఏ ద్రవమూ తిరిగి తేలేదు. చుట్టూ ఉన్న గాజును కూడా ఆ గాడి అడుగు దాకా అరగదీయడం ఒక్కటే దానికి మార్గం. లోపలి గుర్తుకు బయటి నుంచి చేయగలిగింది ఏమీ లేదు. శుభ్రం చేయబోయి గాజును పాడుచేసుకున్న సందర్భాలలో చాలా వాటికి మూలం ఈ మూడింటినీ వేరు చేసి చూడకపోవడమే.

వేరు చేయడానికి కావలసినవి ఒక భూతద్దం, ఒక చుక్క నీరు, మీ వేలిగోరు. వాచీని ఏటవాలుగా పడే వెలుతురులో పట్టుకుని, మరక మీద ఒక చుక్క నీటిని వేలితో పెట్టి చూడండి. నీటి కింద మరక మాయమై ఆరగానే తిరిగి కనిపిస్తే, అది నీటిలోని లవణాలు ఎండి మిగిలిన సున్నపు పొర అయినా కావచ్చు, చాలా సన్నని గీతల గుంపు అయినా కావచ్చు; ఎందుకంటే ఆ రెండింటిలోనూ గరుకైన ఉపరితలం మీద వెలుతురు చెదిరిపోవడం వల్లనే తెల్లదనం కనిపిస్తుంది, నీరు ఆ గరుకుదనాన్ని నింపగానే చెదరడం తగ్గిపోతుంది. రంగు చుక్క, లోహపు గీత నీటి కింద కూడా అలాగే ఉంటాయి. లోపలి గుర్తుకు అసలు నీటి స్పర్శే ఉండదు కాబట్టి అదీ మారదు. అయితే తలను పక్కలకు కదుపుతూ చూస్తే అది పైనున్న నీటి చుక్క కన్నా కాస్త లోతులో, డయల్‌కు దగ్గరగా ఉన్నట్టు తెలిసిపోతుంది. ఆ తరువాత గాజును ఆరనిచ్చి, వేలిగోటిని గుర్తుకు అడ్డంగా మెల్లగా జరపండి. గోరు చిక్కుకుంటే అది గాడి. గోరు ఏదో మిట్ట ఎక్కి దిగినట్టు అనిపిస్తే పైన పదార్థం పేరుకుని ఉంది. ఏమీ తెలియకపోతే అది పలుచని పొర గానీ, లోహం రాసుకున్న చార గానీ, గోటికి అందనంత సన్నని గీత గానీ అయి ఉంటుంది.

ఇక గాజు రకం సంగతి. చేతి వాచీలకు వాడే గాజులు ముఖ్యంగా మూడు. మొదటిది అక్రిలిక్, అంటే ఒక రకమైన పారదర్శక ప్లాస్టిక్. రెండోది మినరల్ గ్లాస్ అని పిలిచే గట్టిపరచిన మామూలు గాజు. మూడోది కృత్రిమంగా పెంచిన సఫైర్ స్ఫటికం. పదార్థాల గీటుదనాన్ని, అంటే గీతలకు లొంగని గట్టిదనాన్ని, కొలిచే మోస్ కొలబద్ద మీద అక్రిలిక్ 3 దగ్గర, మినరల్ గాజు 5, 6 మధ్య, సఫైర్ 9 దగ్గర నిలుస్తాయి; వజ్రం 10. మన చుట్టూ ఉండే దుమ్ములో, ఇసుకలో ఎక్కువగా కనిపించే క్వార్ట్జ్ గీటుదనం 7. ఈ ఒక్క అంకెను గుర్తుంచుకుంటే, పొడి గుడ్డతో వాచీని తుడవడం ఎందుకు మంచిది కాదో బోధపడుతుంది. గుడ్డ మెత్తనిదే అయినా దాని కింద చిక్కుకున్న ఇసుక రేణువు అక్రిలిక్‌ను, మినరల్ గాజును కూడా గీయగలదు. సఫైర్‌ను మాత్రం గీయలేదు. కెంపు, నీలం రెండూ ఏ ఖనిజ జాతికి చెందినవో సఫైర్ గాజూ అదే జాతికి చెందినది. అల్యూమినియం ఆక్సైడ్ పొడిని మంటలో కరిగించి స్ఫటికంగా పెంచే పద్ధతిని ఫ్రెంచి శాస్త్రవేత్త ఒగ్యుస్త్ వెర్నోయ్ 1902లో వెల్లడించాడు. అలా పెంచిన స్ఫటికాన్ని పలుచని బిళ్ళలుగా కోయడానికి వజ్రపు పనిముట్లు కావాలి.

అక్రిలిక్ అనగానే నాసిరకమని తీసిపారేయకండి. 1969లో చంద్రుడి మీద నడిచినప్పుడు బజ్ ఆల్డ్రిన్ చేతికున్న ఒమేగా స్పీడ్‌మాస్టర్ వాచీకి ఉన్నది అక్రిలిక్ గాజే. దెబ్బ తగిలినప్పుడు అది పెంకులు పెంకులుగా పగిలి చెదిరిపోదు. సఫైర్ గీతలకు లొంగకపోయినా, గట్టి దెబ్బకు భళ్ళున పగిలే స్వభావం దానికి ఉంది.

మీ వాచీ మీద సఫైర్ అని ఎక్కడా రాసి లేదు కనుక అది మినరల్ గాజో అక్రిలిక్కో అయి ఉండవచ్చు; కానీ రాయకపోవడాన్నే రుజువుగా తీసుకోలేము. గోటితో మీటి చూడండి. అక్రిలిక్ మొద్దుగా, ప్లాస్టిక్ డబ్బాను మీటినట్టు పలుకుతుంది. మిగిలిన రెండూ గట్టిగా, పలుచగా పలుకుతాయి. గాజును చెంపకు ఆనిస్తే అక్రిలిక్ చల్లగా తగలదు. సఫైర్ వేడిని మామూలు గాజు కన్నా ఎన్నో రెట్లు వేగంగా ప్రసరింపజేస్తుంది కనుక బాగా చల్లగా తగులుతుంది, నోటితో ఆవిరి ఊదితే ఆ ఆవిరి దాని మీద నుంచి త్వరగా తొలగిపోతుంది. మీ ఇంట్లోనే మరో వాచీయో, కళ్ళద్దాలో ఉంటే వాటితో పోల్చి చూడడం ఇంకా నమ్మకమైన పద్ధతి. నీటి చుక్క గుండ్రంగా నిలిస్తే సఫైర్, పరుచుకుంటే మామూలు గాజు అనే పరీక్ష ఒకటి ప్రచారంలో ఉంది గానీ, గాజు మీద చర్మపు జిడ్డు ఏమాత్రం ఉన్నా ఫలితం తారుమారవుతుంది, దాన్ని నమ్మవద్దు. సూదితో గీసి చూసే పరీక్ష గురించి చెప్పనక్కరలేదు, అది పరీక్ష పేరుతో చేసే నష్టం. వీటన్నిటి కన్నా మంచి సాక్ష్యం ఆ గాజు మీదే ఉంటుంది. చాలాకాలం రోజూ వాడిన వాచీ మీద వెంట్రుకల్లాంటి సన్నని గీతలు సాలెగూడులా అల్లుకుని ఉంటే అది అక్రిలిక్. గీతలు కొద్దిగానే ఉండి, ఉన్నవి పదునుగా, స్పష్టంగా కనిపిస్తే మినరల్. గాడి అన్నదే కనిపించకుండా బూడిద రంగు చారలు మాత్రమే ఉంటే సఫైర్ కావడానికి అవకాశం ఎక్కువ.

ఇంకొక్క విషయం చూసుకోవాలి. కొన్ని గాజుల మీద, ముఖ్యంగా సఫైర్ గాజుల మీద, ప్రతిబింబాలను తగ్గించే పూత ఒకటి ఉంటుంది. పూత లేని సఫైర్ ఒక్కొక్క ముఖం నుంచి తన మీద పడిన వెలుతురులో సుమారు 7 నుంచి 8 శాతం వరకు వెనక్కి పంపేస్తుంది. దాన్ని తగ్గించడానికే ఈ ఏర్పాటు. మెగ్నీషియం ఫ్లోరైడ్ వంటి పదార్థంతో వేసే ఈ పూత మందం ఒక్కొక్క పొరకు సుమారు 100 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో పదివేలవ వంతు. గాజు ఎంత గట్టిదైనా పూతకు ఆ గట్టిదనం ఉండదు. ట్యూబ్‌లైటు ప్రతిబింబం గాజు మీద తెల్లగా కాకుండా నీలిగానో ఊదాగానో కనిపిస్తే పూత ఉన్నట్టే. అది లోపలి ముఖానికి మాత్రమే ఉంటే మీకు చింత లేదు. బయటి ముఖానికి ఉండి, ఆ రంగు అక్కడక్కడా చెదిరి మచ్చలుగా కనిపిస్తూ ఉంటే, మీరు మరక అనుకుంటున్నది అరిగిన పూత కావచ్చు. దానికి ఇంటి వైద్యం లేదు, రుద్దిన కొద్దీ మచ్చ పెరుగుతుంది. పూత ఉన్న గాజు మీద టూత్‌పేస్టు గానీ, మరే ఇతర గరుకు పదార్థం గానీ వాడకండి.

పని మొదలుపెట్టే ముందు వాచీని సిద్ధం చేసుకోవాలి. పక్కనున్న కీ పూర్తిగా లోపలికి నొక్కి ఉందో లేదో చూసుకోండి. మర తిప్పి బిగించే రకమైతే బిగించండి. వెనక మూత మీద 30 మీటర్లు అని ఉన్నంత మాత్రాన ఆ వాచీని నీళ్ళలో నానబెట్టవచ్చని అర్థం కాదు. కొత్తగా ఉన్నప్పుడు, కదలని నీటి ఒత్తిడిలో చేసే పరీక్షను ఆ అంకె సూచిస్తుంది. నిత్య జీవితంలో దాని విలువ చేతులు కడుక్కున్నప్పుడు పడే తుంపరలను తట్టుకోవడం వరకే. పైగా నీటిని ఆపేది గాజు చుట్టూ, వెనక మూత చుట్టూ, కీ దగ్గర ఉండే రబ్బరు వాషర్లు. అవి కాలం గడిచేకొద్దీ గట్టిపడి పట్టు కోల్పోతాయి. కాబట్టి వాచీని కుళాయి ధార కింద పెట్టకండి, వేడి నీళ్ళు అసలు వాడకండి. ద్రవం ఏదైనా సరే, గుడ్డకో దూదికో తగిలించి మాత్రమే గాజు దగ్గరకు తీసుకువెళ్ళాలి. నేరుగా గాజు మీద పోయకూడదు. తోలు బెల్టు అయితే విప్పి పక్కన పెట్టండి. గాజు చుట్టూ ఉన్న లోహపు రింగు మీద మాస్కింగ్ టేపు అతికిస్తే దాని మెరుగు కూడా భద్రంగా ఉంటుంది.

ముందుగా దుమ్మును తీసేయాలి. గాలి ఊదే చిన్న రబ్బరు బుడ్డితో ఊది, ఆ తరువాత తడిపి పిండిన మెత్తని గుడ్డను రుద్దకుండా, ఒకే వైపుకు జరుపుతూ తుడవండి. తరువాత గోరువెచ్చని నీటిలో పాత్రలు కడిగే లిక్విడ్ ఒకటి రెండు చుక్కలు కలిపి, దానితో మరోసారి తుడిచి, మంచినీటి గుడ్డతో నురగ పోయేదాకా తుడవండి. మీరు ఇదివరకే సబ్బు వాడి చూశామని రాశారు. అది ఒంటి సబ్బు అయి, మీ ఇంటి నీళ్ళు లవణాలు ఎక్కువగా ఉన్నవైతే, సబ్బు ఆ నీటిలోని కాల్షియంతో కలిసి నీటిలో కరగని తెట్టుగా మారుతుంది. ప్రతి తుడుపుతోనూ మీరు తెల్లటి పొరకు మరో పొర చేర్చి ఉండవచ్చు. డిటర్జెంట్ లిక్విడ్లకు ఈ చిక్కు దాదాపు లేదు.

ఇప్పుడు అంచుల్లోని తెల్లటి మచ్చలు. చేతులు కడిగినప్పుడల్లా గాజుకు, దాని చుట్టూ ఉన్న రింగుకు మధ్య సందులో నీరు నిలిచి, ఆరిపోతూ తనలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలను అక్కడే వదిలేస్తుంది. అవి అంచుల్లోనే ఉండడం, తడిపితే మాయమవడం ఈ నిర్ధారణకు బలం చేకూరుస్తున్నాయి. సున్నపు పొర నీటికీ సబ్బుకూ లొంగదు, బలహీనమైన ఆమ్లానికి వెంటనే లొంగుతుంది. మామూలు తెల్ల వెనిగర్‌లో ఉండే సుమారు 5 శాతం ఎసిటిక్ ఆమ్లం ఆ పొరలో ఉండే కాల్షియం కార్బొనేటును నీటిలో కరిగే లవణంగా మార్చేస్తుంది. వెనిగర్‌ను అంతే నీటితో కలిపి, అందులో ఇయర్ బడ్ ముంచి, కారకుండా పిండి, మచ్చల మీద ఒక నిమిషం పాటు ఆనించి ఉంచండి. రుద్దకండి, ఆమ్లానికి సమయం ఇవ్వడమే ఇక్కడ పని. నిమిషం తరువాత తడి గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి చూడండి. కొంత తగ్గి కొంత మిగిలితే మరోసారి అదే చేయండి. ఒకేసారి పది నిమిషాలు నానబెట్టడం కన్నా నిమిషం చొప్పున నాలుగైదు సార్లు చేయడం లోహానికి, రబ్బరుకు క్షేమం. సందులోకి ఇయర్ బడ్ వెళ్ళకపోతే, కొనను నమిలి మెత్తబరచినట్టు నలగ్గొట్టిన టూత్‌పిక్‌ను వెనిగర్‌లో తడిపి వాడవచ్చు.

పని అయ్యాక తడి గుడ్డను మార్చి మార్చి కనీసం రెండు సార్లు తుడిచి ఆమ్లాన్ని పూర్తిగా తొలగించండి. మీది స్టెయిన్‌లెస్ స్టీల్ కనుక ఇంత తక్కువ సేపటికి హాని జరగదు. ఇదే సలహా చదివి మరొకరు ప్రయత్నించేలా ఉంటే, బంగారు పూత ఉన్నవి, ఇత్తడివి, అల్యూమినియంవి అయిన వాచీల మీద వెనిగర్ వాడకూడదని మాత్రం చెప్పండి. వెనిగర్ ఎక్కువసార్లు పెట్టినా మచ్చ ఆరగానే అంతే తెల్లగా తిరిగి కనిపిస్తే, అది పైన పేరుకున్న పొర కాదని, ఆ భాగంలో గాజు ఉపరితలమే గరుకెక్కిందని గ్రహించి అక్కడితో ఆపండి.

మధ్యలోని బూడిద రంగు గీత గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నిక్షేపంలాంటి గాజులను జనం మార్పించేసుకునేది ఎక్కువగా ఇలాంటి గీతను చూసే. తలుపు గొళ్ళెం, అల్యూమినియం కిటికీ చట్రం, బల్ల అంచుకున్న రేకు, బస్సులో పట్టుకునే కడ్డీ వంటివాటికి వాచీ రాసుకున్నప్పుడు గాజే గీసుకుపోయిందని అనుకుంటాం. నిజానికి రెండు వస్తువులు రాసుకుంటే అరిగేది వాటిలో మెత్తనిది. అల్యూమినియం గీటుదనం 3కు లోపే. మామూలు ఇనుప సామాను కూడా మినరల్ గాజు కన్నా మెత్తనిదే. పలక మీద బలపం గీత గీసినట్టు, లోహమే కొద్దిగా అరిగి తన పొడిని గాజు మీద వదిలి వెళ్తుంది. ఆ చార బూడిద రంగులో ఉంటుంది, ఏటవాలు వెలుతురులో లోహంలా మెరుస్తుంది, గోటికి చిక్కదు, నీటితో తడిపినా మాయమవదు. నిజమైన గాడి తెల్లగా కనిపిస్తుంది, తడిపితే కొంత మరుగున పడుతుంది, అంచులు భూతద్దంలో గిల్లినట్టు పెచ్చులుగా ఉంటాయి. మీ గీత బూడిద రంగుదని మీరే రాశారు కనుక నా మొదటి అనుమానం లోహపు చార మీదనే.

దాన్ని తీయడానికి పిల్లలు పెన్సిల్ రాతను చెరిపే మెత్తని తెల్ల రబ్బరు చాలు. గాజు పూర్తిగా శుభ్రమై, ఆరి ఉన్నప్పుడు, రబ్బరు శుభ్రమైన మూలతో చార పొడవునా మామూలు ఒత్తిడితో చెరపండి. ముప్పై నలభై సార్లు అటూ ఇటూ జరిపాక రబ్బరు పొట్టును ఊదేసి చూస్తే చార పలచబడడం తెలుస్తుంది. రబ్బరు మూల బూడిద రంగుకు తిరిగితే మీ గాజు మీదున్నది లోహమేనని రుజువైనట్టు. సిరా చెరపడానికి వాడే గరుకు రబ్బరు ఇందుకు పనికిరాదు. దానిలో కలిపే గరుకు పొడి అక్రిలిక్‌నూ, పూతనూ పాడుచేస్తుంది. గాజు అక్రిలిక్ అని తేలితే తెల్ల రబ్బరును కూడా చాలా తేలికగా వాడండి. అయినా అక్రిలిక్ అంత మెత్తని గాజు మీద లోహం చార వదలడం కన్నా గాడి చేయడానికే అవకాశం ఎక్కువ.

రంగు చుక్కల విషయం ఆ రంగు ఏ జాతిదో అన్నదాని మీద ఆధారపడుతుంది. గది గోడలకు సాధారణంగా వేసేది నీళ్ళు కలిపే ఎమల్షన్ రంగు. అది ఎండిపోయాక నీటిలో కరగదు గానీ, తడిసి మెత్తబడుతుంది. లిక్విడ్ కలిపిన గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన దూదిని చుక్క మీద పది నిమిషాలు ఉంచి, టూత్‌పిక్‌ను పక్కవాటుగా పట్టుకుని చుక్క అంచు కింద తోస్తే చాలాసార్లు బిళ్ళలా లేచి వచ్చేస్తుంది. మినరల్ గాజు, సఫైర్ అయితే పాత ప్లాస్టిక్ కార్డు అంచును కూడా వాడవచ్చు. బ్లేడు మాత్రం వద్దు. అది గాజు మీద లోహపు చార వదులుతుంది, చేయి జారితే రింగును గీస్తుంది, అక్రిలిక్‌ను అయితే చెక్కేస్తుంది. మిగిలిన మొండి పొర మీద, గాజు అక్రిలిక్ కాదని నిర్ధారించుకున్న తరువాతనే, ఇయర్ బడ్‌కు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తగిలించి మెల్లగా రుద్దండి. తలుపులకు, కిటికీలకు వేసే ఎనామిల్ రంగు అయితే నీరు పనిచేయదు. దానికి మినరల్ టర్పెంటైన్ కావాలి. అది రబ్బరు వాషర్లకు మంచిది కాదు కనుక, చుక్క అంచుకు దగ్గరగా లేనప్పుడు మాత్రమే, బడ్ కొనకు పట్టినంత వాడి, వెంటనే లిక్విడ్ నీటితో తుడిచేయాలి.

ధర చీటీల జిగురు మరకలకు కూడా ఇదే వరస: మొదట తడి, తరువాత గోరు, ఆ తరువాత అక్రిలిక్ కాకపోతే ఆల్కహాల్. సన్‌స్క్రీన్ లేపనాల జిడ్డు లిక్విడ్‌తోనే పోతుంది. దోమలు కుట్టకుండా ఒంటికి రాసుకునే మందులతో మాత్రం జాగ్రత్త. వాటిలో చాలా వాటికి ఆధారమైన డీట్ అనే రసాయనం ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది, అక్రిలిక్ గాజు మీద పడితే శాశ్వతంగా మసకబారుస్తుంది. అలా ఏర్పడిన మసక, మరకలా కనిపించినా, పైన చేరినది కాదు.

ఇక టూత్‌పేస్టు. దానిలో పళ్ళను తోమడానికి కలిపే కాల్షియం కార్బొనేటు, సిలికా వంటి సన్నని గరుకు పొడులు ఉంటాయి. అవి అక్రిలిక్‌ను అతి సన్నగా అరగదీసి, వెంట్రుకల్లాంటి గీతల అంచులను నునుపు చేస్తాయి. ఆ సలహా పుట్టింది అక్కడే, అక్కడి వరకు అది నిజం కూడా. మీ గాజు అక్రిలిక్ అయి, మరకలన్నీ పోయాక సన్నని గీతలు మిగిలి ఉంటే, చుట్టూ టేపు వేసి, జెల్ కాని తెల్ల పేస్టును శనగగింజంత నూలు గుడ్డకు తీసుకుని, తేలికపాటి ఒత్తిడితో సుడులుగా రెండు మూడు నిమిషాలు రుద్ది తుడవండి. అక్రిలిక్ కోసమే తయారుచేసే మెరుగు పేస్టు దొరికితే అది ఇంకా మేలు, దాని రేణువులు మరింత సమంగా ఉంటాయి. తొందరపడి మోటారుకు తగిలించిన మెరుగు చక్రం వాడవద్దు, రాపిడి వేడికి అక్రిలిక్ మెత్తబడి గుంటలు పడుతుంది. మినరల్ గాజు మీద గాడిని టూత్‌పేస్టు తీయలేదు. గంటసేపు రుద్దినా గీత అక్కడే ఉంటుంది, చుట్టూ ఉన్న స్టీలు రింగు మాత్రం మెరుగు కోల్పోతుంది. మీరు చెప్పిన మూడు మరకలలో దేనికీ టూత్‌పేస్టు అవసరం లేదు.

నెయిల్ పాలిష్ రిమూవరును నేను ఏ వాచీకీ సూచించను. దానిలో ఉండే అసిటోన్ అక్రిలిక్‌ను కరిగిస్తుంది. ఒక్క తుడుపుకే గాజు పాలలా తెల్లబడి, ఎంత మెరుగుపెట్టినా కోలుకోని స్థితికి చేరగలదు. మినరల్ గాజుకూ సఫైర్‌కూ అసిటోన్ వల్ల హాని లేదు నిజమే, కానీ అది సందులోకి పాకి ప్లాస్టిక్ వాషరునూ, కొన్ని వాచీలలో గాజును పట్టి ఉంచే జిగురునూ, రింగు మీద వేసిన రంగు అంకెలనూ చెడగొడుతుంది. అసిటోన్ లేదని రాసి ఉన్న రిమూవర్లలో కూడా అక్రిలిక్‌కు సరిపడని ఇతర ద్రావకాలు ఉంటాయి. రంగు చుక్కకు ఆల్కహాల్ చాలినప్పుడు ఇంత ముప్పు కొని తెచ్చుకోవడం దేనికి?

ఇవన్నీ అయ్యాక కూడా గోటికి చిక్కే గాడి మిగిలిందనుకుందాం. మినరల్ గాజు మీది సన్నని గీతలను సీరియం ఆక్సైడ్ పొడితో అరగదీయవచ్చు, సఫైర్‌కు వజ్రపు పేస్టు వాడతారు. అయితే ఆ పని చేత్తో ఇంట్లో చేస్తే గీత ఉన్నచోట గాజు పల్లమై, కింది అంకెలు వంకరగా కనిపించే ప్రమాదం ఉంది, పైగా గంటల తరబడి పడుతుంది. మామూలు వాచీకి కొత్త గాజు వేయించడమే దానికన్నా తెలివైన పని అని నా అభిప్రాయం. మినరల్, అక్రిలిక్ గాజులు చాలా సైజుల్లో విడిగా దొరుకుతాయి, అనుభవం ఉన్న మెకానిక్‌కు అది చిన్న పని. గాజు లోపలి వైపున మసక గానీ, ఆవిరి బిందువులు గానీ కనిపిస్తే మాత్రం శుభ్రం చేయడం, గీతలు పోగొట్టడం అన్నీ పక్కన పెట్టి ఆ రోజే చూపించండి. ఎండలో పెట్టి ఆరబెడితే ఆవిరి కంటికి కనిపించకుండా పోతుంది గానీ తేమ లోపలే ఉండి యంత్రం ఉక్కు భాగాలకు తుప్పు పట్టిస్తుంది.

గాజు మార్పించవలసి వచ్చినా, వెనక మూత తీయవలసి వచ్చినా మెకానిక్‌ను రెండు విషయాలు అడగండి. పాత రబ్బరు వాషరును తిరిగి వేయకుండా కొత్తది వేయమనండి. పని అయ్యాక నీరు చొరబడుతుందో లేదో గాలి ఒత్తిడి యంత్రంలో పెట్టి చూపించమనండి. ఆ యంత్రం తమ దగ్గర లేదని చెబితే, మూత మీద 30 మీటర్లు అని రాసి ఉన్నా లేకపోయినా, ఆ పరీక్ష మరోచోట చేయించేదాకా చేతులు కడిగేటప్పుడు వాచీ తీసి పక్కన పెట్టుకోండి.